మూడో బోరులో మట్టం

ఆగస్టు 14

జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకుంటాను. తర్వాత జ్ఞాపకం తనకు ఇష్టం వచ్చినట్టు మార్చేస్తుంది.

మంగళవారం, పన్నెండో తారీఖు. పొద్దున ఆసుపత్రిలో మా ఆవిడ కళ్లు తెరిచేసరికి నేను కుర్చీలోనే ఉన్నాను. "మెడ పట్టేసిందా?" అని అడిగింది. లేదన్నాను. పట్టేసింది. నర్సు వచ్చి దిండు సర్దింది, సెలైను మార్చింది. ఆమె రెండు చెంచాల పాలు తాగింది. మూడోది వద్దంది.

కాసేపటికి లాండ్రీ ఆవిడ వచ్చింది. ఆసుపత్రి దుప్పట్లు గరుగ్గా ఉంటాయని ఉతికిన దుప్పటి ఒకటి తెచ్చింది. వాళ్లిద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారు. చుట్టరికం ఏమీ లేదు, ఏళ్ల తరబడి బట్టలు వేయగా కలిసిన వరస. మా ఆవిడ నన్ను బయటికి పొమ్మంది. "మా మాటలు మాకుంటాయి. మీరెళ్లి టీ తాగి రండి. నిలబడి కాదు, కూర్చుని తాగండి." కూర్చునే తాగాను. తిరిగి వచ్చేసరికి లాండ్రీ ఆవిడ కళ్లు తుడుచుకుంటూ మెట్లు దిగుతోంది. ఈమె మాత్రం ఏదో పని చక్కబెట్టుకున్న మనిషిలా ఉంది. ఏమిటని అడగలేదు.

మధ్యాహ్నం డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి చెప్పాడు. విన్నాను. లోపలికి వచ్చాక, "ఏమన్నాడు?" అంది. "అదే అన్నాడు" అన్నాను. "కొత్త సంగతేదైనా ఉంటేనే పిలవమనండి" అంది. నాకు నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చింది.

సాయంత్రం బావమరిది వచ్చాడు. వాళ్లక్క కాళ్ల దగ్గర కూర్చుని తన కళ్లజోళ్ల షాపు కబుర్లు చెప్పాడు. ఎవరో ఒకాయన కొత్త జోడు పెట్టుకుని అద్దంలో చూసుకుని, ఇది నా మొహం కాదు, మార్చి ఇవ్వండి అని గొడవ చేశాడట. ఆమె కళ్లు మూసుకుని వింది. మధ్యలో నా చెయ్యి తీసుకుని తన గుండె మీద పెట్టుకుంది. కథ అయిపోయింది. "తర్వాత?" అంది. వాడు ఇంకో కథ ఎత్తుకున్నాడు. అది సగంలో ఉండగా నా చెయ్యి కింద ఆగిపోయింది. వాడికి తెలియదు. వాణ్ణి కథ పూర్తి చేయనిచ్చాను.

ఆగస్టు 19

జరగాల్సినవన్నీ జరిగాయి. వచ్చినవాళ్లు వెళ్లారు. బావమరిది ఉన్నాడు.

ఆగస్టు 21

ఆమె చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. బావమరిది తీయబోతే వద్దన్నాను. తట్టుకుని పడతావు బావా అన్నాడు. పడనన్నాను.

ఆగస్టు 22

పడ్డాను. దెబ్బేమీ తగల్లేదు.

ఆగస్టు 24

పనిలోకి వెళ్లాను. ఆఫీసుకు కాదు, నేరుగా సైటుకు. పాత ఫిల్టర్ హౌస్ వెనక ఖాళీ స్థలం ఎప్పుడూ ఉన్నట్టే ఉంది. మళ్లీ మొదటి నుంచీ రాసుకుంటే తల కుదురుతుందని రాస్తున్నాను.

నీటిని నేలలోకి ఇంకించడానికి మూడు పద్ధతులు. ఒకే నేల, ఒకే నీరు. ఫిల్టర్ హౌస్ కప్పుల మీద పడ్డ వాన నీటిని ట్యాంకులో తేర్చి, మీటర్లు పెట్టి మూడింటికీ సమానంగా వదులుతున్నాం. మొదటిది మడుగు. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. నీళ్లు నిలబెడితే వాటంతట అవే ఇంకుతాయి. అడుగున ఒండ్రు పొర కట్టినప్పుడల్లా ఎండబెట్టి గీకాలి. రెండోది గులకరాళ్లూ ఇసుకా నింపిన కందకం. మూడోది బోరు, మా మాటల్లో మూడో బోరు. నీటిని నేరుగా లోపలి రాతి పొరల్లోకి దింపడం. ఒక్కోదాని పక్కన ఒక సన్నటి పరిశీలన బోరు. అందులోకి టేపు వదిలితే కొస నీటిని తాకగానే కూత పెడుతుంది. టేపు మీద లోతు చదువుకోవాలి. అంకె తగ్గిందంటే నీరు పైకి వచ్చినట్టు.

ఎత్తు మీద కాలనీలో బోర్లన్నీ ఎండిపోయి ఇది రెండో ఏడు. ఇక్కడ ఏది గెలిస్తే అది అక్కడ కడతారు. ఒక్కదానికే అనుమతి. తప్పుది ఎంచితే వాళ్లు ఇంకా ఎన్నేళ్లు ట్యాంకర్ వెనక బకెట్లతో పరిగెత్తాలో చెప్పలేం.

ఆఫీసులో అందరూ జూనియర్ అని పిలిచే అమ్మాయి సైటు దగ్గర ఉంది. పేరుకు జూనియరే గానీ నేను లేనన్నాళ్లూ మొత్తం తనే నడిపింది. నన్ను చూసి లేచి నిలబడింది. ఏమనాలో తెలియక చేతిలో టేపు నాకిచ్చింది. ఇన్ని రోజుల్లో అంతకంటే మంచి పలకరింపు ఎవరూ పలకరించలేదు.

జూనియర్ గీసి ఉంచిన మట్టాల గీతలు చూశాను. మడుగు దగ్గర కొద్దిగా పెరిగింది, నింపాదిగా. కందకం దగ్గర ఇంకా తక్కువ. మూడో బోరు దగ్గర మాత్రం మట్టం రెండు మీటర్లకు దగ్గరగా లేచింది. మొదట గబగబా, ఆపైన నెమ్మదిగా, కానీ పైకే. మొదటి నుంచీ నా నమ్మకం బోరు మీదే.

గీత లేవడం మొదలైంది పన్నెండో తారీఖున. నేను అలాంటివి నమ్మను.

సైటులో ఏదో నిశ్శబ్దంగా ఉంది. నా చెవులే అయ్యుంటాయి.

ఆగస్టు 25

ఇంకో మూడు సెంటీమీటర్లు.

ఆగస్టు 30

బావమరిది వంట చేస్తున్నాడు. తినాల్సి వస్తోంది.

"ఎలా ఉంది బావా?"

"ఉప్పు లేదు."

"డాక్టరు తగ్గించమన్నాడుగా."

"నాకు కాదు, నీకు."

"మరి ఇద్దరికీ వేరే వేరే వండమంటావా? నేనేమన్నా నీ పెళ్లాన్నా?"

అనేశాక ఇద్దరం కంచాల్లోకి చూసుకున్నాం. తర్వాత వాడే లేచి ఉప్పు డబ్బా తెచ్చి పెట్టాడు.

సెప్టెంబర్ 4

పెద్ద సారు సైటుకు వచ్చాడు. మా చీఫ్ ఇంజనీరు బురదలో అడుగు పెట్టడం అరుదు. ప్యాంటు పైకి మడిచి మరీ వచ్చాడు.

"గీత చూశానోయ్. బాగా పోతోంది పైకి."

"ఇంకొన్ని వారాలు చూడాలి సార్."

"నువ్వు చూస్తూ ఉండు, నేను నెలాఖరుకి కమిటీ పెడతాను. బోరంటే వాళ్లకి ముద్దు. జాగా అక్కర్లేదు, ఎవరి ప్రహరీ కూలగొట్టక్కర్లేదు. అదే మడుగు అన్నావనుకో, జాగా ఏదంటారు, దోమలంటారు, పిల్లలు పడతారంటారు. నీ మూడో బోరు మనందర్నీ ఒడ్డున పడేసేలా ఉంది."

నాకు ఆనందంగానే ఉంది. వెళ్లేముందు కారు తలుపు పట్టుకుని అడిగాడు.

"ఇంట్లో ఎలా ఉంది?"

"బాగానే ఉంది సార్."

"బాగా ఎందుకుంటుందయ్యా? నా దగ్గర కూడా నాటకాలు."

సెప్టెంబర్ 9

"సార్, ఒకటి అడగనా? తిట్టకూడదు" అంది జూనియర్.

"ఎప్పుడైనా తిట్టానా?"

"అందుకే భయం. పోగుపడి ఉంటాయి కదా."

అడగమన్నాను.

"బోరు ఇదివరకటిలా నీళ్లు తాగడం లేదు. జూలైలో గడగడా తాగేది. ఇప్పుడు గొంతు పట్టేసినట్టు పైపులో పైదాకా నిలబెట్టుకుంటోంది. రోజూ దాని వాటాలో సగం మిగిలిపోతోంది. కానీ పక్కనే పరిశీలన బోరులో మట్టం పెరుగుతూనే ఉంది. తక్కువ తాగి ఎక్కువ ఎలా ఇస్తుంది సార్?"

ముందు పంపిన నీరు ఇప్పుడు చేరుతోంది అన్నాను. రాతి పగుళ్లలో ప్రయాణానికి సమయం పడుతుంది అన్నాను.

"పట్టుమని పది మీటర్లు లేదు. ఇన్ని వారాలా? నడిచి వెళ్తోందా సార్?"

"నేల కింద నీరు నడిచే వెళ్తుంది."

జూనియర్ నవ్వలేదు. నా సమాధానం రాసుకుంది. అలా రాసుకోవడం నాకు నచ్చలేదు.

సెప్టెంబర్ 10

బోరును వెనక్కి తోడించాం. మొదట టీ రంగు నీరు, తర్వాత తేట. లోపల సన్నటి మట్టి పేరుకుంది. ట్యాంకులో తేరుకుంటుంది అనుకున్నది తేరుకోవడం లేదు. సాయంత్రానికి కొంచెం నయంగా తాగింది.

పరిశీలన బోరులో మట్టం తన దారిన తాను పైకే.

సెప్టెంబర్ 12

మూడో పరిశీలన బోరులో నీరు పదహారు మీటర్ల ఇరవై సెంటీమీటర్ల లోతున. జూలైలో పద్దెనిమిదిన్నర దగ్గర ఉండేది.

సెప్టెంబర్ 13

మడుగు గీకించాం. ఎండిన ఒండ్రు అప్పడాల్లా పొరలు పొరలుగా లేచింది. మళ్లీ నీళ్లు పెట్టగానే ఇంకడం మొదలుపెట్టింది. విసుగూ విరామం లేని పని దానిది. జూనియర్‌కు మడుగంటే ఇష్టం. నాకు మొదటి నుంచీ అది గేదెలా అనిపిస్తుంది.

సెప్టెంబర్ 15

బావమరిది నా తెల్ల చొక్కాలన్నీ తన కొత్త లుంగీతో కలిపి నానబెట్టాడు. అన్నీ నీలం.

"ఒకే రంగయ్యాయి కదా బావా, తడుముకోకుండా ఏదో ఒకటి వేసుకోవచ్చు."

"ఇక నా బట్టల జోలికి రావద్దు."

"రమ్మన్నా రాను. నా లుంగీ తెల్లబడింది."

మూట కట్టుకుని లాండ్రీకి వెళ్లాను. మా సైటు గోడకు అవతలి పక్కే, కానీ చుట్టూ తిరిగి వీధిలోంచి వెళ్లాలి. ఎప్పుడూ ఆమే వెళ్లేది. లోపల ఉతికే మెషీన్లలో సగం ఆగి ఉన్నాయి. గుమ్మం పక్కన నీళ్ల పీపాలు వరసగా పెట్టి ఉన్నాయి. లాండ్రీ ఆవిడ నన్ను చూసి కౌంటరు వెనక నుంచి బయటికి వచ్చింది.

"రండి అన్నయ్యగారూ. కబురు చేస్తే నేనే మనిషిని పంపేదాన్ని కదా." చొక్కాలు విప్పి చూసి, "ఎవరు చేశారీ ఘోరం?" అంది.

"మా బావమరిది."

"కళ్లజోళ్లు అమ్ముతాడు గానీ కళ్లు లేవు. సరే, శుక్రవారం దాటాక ఇస్తాను."

"అన్ని రోజులా?"

"నీళ్లు కొనుక్కుంటున్నాం కదా, ఆలస్యమవుతోంది."

"మీ బోరేమైంది?"

ఆవిడ చొక్కా మడతపెట్టింది. మళ్లీ విప్పింది. ఇస్త్రీ బల్ల దగ్గర నుంచి ఇస్త్రీ చేసే పెద్దాయన అందుకున్నాడు. "ఏమైంది ఏంటి బాబూ, నిక్షేపంలా ఉంది. ఈవిడే కట్టేసి కూర్చుంది. బోరులో నీళ్లు పెట్టుకుని ట్యాంకర్ కోసం పడిగాపులు. అడిగితే మొహం తిప్పుకుంటుంది."

"నువ్వు నోరు ముయ్" అంది ఆవిడ. తర్వాత నా వైపు తిరిగి, "చెప్పకూడదు. కానీ మీరు అడిగాక దాచలేను" అంది.

చెప్పింది. ఆ రోజు ఆసుపత్రిలో ఆమె ఈవిడ చెయ్యి పట్టుకుని అడిగిందట. "వదినా, నీ బోరు మా ఆయనకి పక్కలో బల్లెంలా ఉంది. అది ఆడినప్పుడల్లా ఆయన లెక్క చెదిరిపోతోందట. రోజూ ఇంటికొచ్చి నిన్ను తిడుతున్నారు. ఆ పరీక్ష అయ్యేదాకా ఆపుతావా?"

"నేను తిట్టానా?"

"తిట్టారట. మీ ఇంట్లో రోజూ భోజనంలోకి నన్నే నంజుకునేవారట. ఆ మాటకి ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత మాటిచ్చాను. అలా పడుకుని అడిగితే కాదంటామా? ఇంటికొచ్చి ఆ సాయంత్రమే కట్టేశాను."

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్పొద్దంది. మా ఆయన మొహమాటస్తుడు, తెలిస్తే వద్దంటాడు, ఆయన వద్దన్నా నువ్వు వినకు అంది."

చొక్కాలు అక్కడే వదిలి వచ్చాను. రసీదు తీసుకోలేదు. వీధి చివరిదాకా వచ్చాక తెలిసింది, సైటులో ఆ నిశ్శబ్దం ఏమిటో.

సెప్టెంబర్ 16

లాండ్రీ బోరు చిన్నది. గోడ అవతల ఉంది. ప్రభావం పెద్దగా ఉండదు.

సెప్టెంబర్ 17

పెద్దగా ఉండదు.

సెప్టెంబర్ 18

కమిటీకి ఇవ్వాల్సిన నివేదిక మొదలుపెట్టాను. "మూడో పద్ధతి" అని రాసి ఆగాను. తర్వాత టేబుల్ ఫ్యాన్ విప్పి శుభ్రం చేశాను. అది బాగానే తిరుగుతోంది, ముందు కూడా బాగానే తిరిగేది.

సెప్టెంబర్ 19

సైటుకు ఒక్కణ్ణే వెళ్లాను. జూనియర్‌కు సెలవు. టేపు వదిలాను. కూత వినిపించింది. ఇంకో సెంటీమీటరు పైకి వచ్చింది.

ఆమె ఇంకా పని చేస్తోంది.

సెప్టెంబర్ 20

నిన్న చివరన రాసింది కొట్టేద్దామని పేజీ తీశాను. కొట్టేయలేదు.

సెప్టెంబర్ 22

బావమరిదికి చెప్పాను. వాడు నవ్వడం మొదలుపెట్టాడు, నవ్వు మధ్యలో ఏడ్చాడు, మళ్లీ నవ్వాడు.

"మా అక్క ఎవరికైనా పని పురమాయించకుండా ఒక్క రోజు ఉందా బావా? ఆఖరికి నీ ఆఫీసులో కూడా వేలు పెట్టి పోయింది."

"ఊఁ."

"ఉంచేసుకో. అక్క ఇచ్చింది. ఇంకెవరికి తెలుసు?"

"నివేదిక ఇవ్వాలి."

"ఇవ్వు. నీళ్లు పెరిగాయి, అంతే కదా? అబద్ధం కాదుగా."

"ఎందువల్ల పెరిగాయో రాయాలి."

"ఎందువల్లో లెక్క వేశావా?"

"లేదు."

"ఎందుకని?"

"తీరిక లేదు."

"నీకా?"

సెప్టెంబర్ 24

లెక్క వేశాను.

లాండ్రీ బోరు ఎన్ని గంటలు ఆడేదో, ఎంత తోడేదో నా దగ్గరే ఉంది. పరీక్ష మొదలుపెట్టే ముందు నేనే కొలిచాను. అది రోజూ ఒకేలా ఆడుతుంది కాబట్టి దాన్ని లెక్కలో కలిపేసుకుని, మట్టం అక్కడి నుంచి ఎంత మారిందో చూడటం నా పద్ధతి. మట్టం ఊగుతోందని ఇంట్లో విసుక్కునేవాణ్ణి, నిజమే. ఊగడం చిరాకు, అంతే. చెరుపు కాదు. రెండింటికీ తేడా ఆమెకు తెలియదు, భోజనాల దగ్గర అంత వివరంగా ఎవరు చెబుతారు.

ఇన్నాళ్లు తోడి ఒక్కసారిగా ఆపేస్తే చుట్టూ నీరు ఎంత లేవాలో వేసి చూశాను. అది తీసేస్తే నా బోరు వాటాకు మిగిలేది చారెడు. అది కూడా నమ్మకంగా చెప్పలేను.

అసలు లెక్కే అక్కర్లేదు. మొదట గబగబా, తర్వాత నెమ్మదిగా. పంపు ఆపిన చోట నీరు కోలుకునే తీరు అది. చదువుకునే రోజుల నుంచీ చూస్తున్న గీత. కందకం దగ్గర కూడా అదే తీరు, గోడకు దూరం కాబట్టి పలచగా. మడుగు ఆ చివర ఉంది. దాని మట్టం మాత్రం దాని సొంతం.

ఇది నాకు ఆగస్టులోనే కనిపించాలి. కనిపించింది కూడా. చూడలేదు.

బోరు గొంతు పట్టేస్తోంది. ఈ గీత పట్టుకుని ఎత్తు మీద కాలనీలో బోర్లు వేస్తే అవీ ఒక్క వానాకాలంలోనే పట్టేస్తాయి. అక్కడ గోడ అవతల ఆపడానికి లాండ్రీ లేదు.

సెప్టెంబర్ 25

పొద్దున జూనియర్‌కు చెప్పాను. ముందు నోరు తెరిచింది, తర్వాత గోడ వైపు చూసింది.

"మేడమ్ అలా చేశారా?"

"చేసింది."

"ఎంత మంచివారు సార్" అంది. వెంటనే, "ఎంత పాడు చేశారు సార్" అంది. రెండూ ఒకే గొంతుతో అంది. నాకు ఆ పిల్ల మీద గౌరవం పెరిగింది.

ఇద్దరం కూర్చుని ఆలోచించాం. పాడైనదాన్ని పారేయకుండా వాడుకోవచ్చు. ఇప్పుడు లాండ్రీ బోరును మళ్లీ పాత వేళలకే ఆడించాలి. మన నీరు మాత్రం ఆపకుండా మూడింటికీ వదులుతూనే ఉండాలి. మట్టం దిగి జూలైలో ఉన్న చోటికే వచ్చి ఆగితే బోరు చేసిందేమీ లేదు. దానికి ఎంత పైన ఆగితే అంత బోరు సంపాదన. మొదట అనుకున్నదానికంటే ఇదే పక్కా రుజువు. మామూలుగా పక్కవాళ్ల బోరును ఇన్ని వారాలు ఎవరూ ఆపి ఇవ్వరు.

మధ్యాహ్నం పెద్ద సారు దగ్గరికి వెళ్లాను. అంతా విని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది ఎవరెవరికి తెలుసు?"

"మీతో కలిపి ఐదుగురికి. ఇస్త్రీ పెద్దాయన్ని కూడా కలిపితే ఊరంతటికీ తెలిసినట్టే."

"వేళాకోళమా?"

"కమిటీ వాయిదా వేయండి సార్."

"బోరు ఓడిపోతుందంటావా?"

"ఓడిపోవచ్చు. మడుగు ఉంది."

"మడుగంటే జాగా కోసం ఎంతమంది గడపలు తొక్కాలో తెలుసా నీకు?"

"తెలుసు. మీ వెనకే నేనూ వస్తాను."

కళ్లజోడు తీసుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "మీ ఆవిడ నా చేత కూడా ఊరంతా తిరిగిస్తోందన్నమాట" అన్నాడు. "వచ్చే నెల మధ్యదాకా ఆపుతాను. ఆ తర్వాత నువ్వేం చెబితే అదే రాస్తాను. మళ్లీ వచ్చి మా వదినగారో మా తోడల్లుడో ఏదో చేశారంటే మాత్రం ఊరుకోను."

సెప్టెంబర్ 27

లాండ్రీకి వెళ్లాను. చొక్కాలు మళ్లీ తెల్లగా వచ్చాయి. బోరు స్విచ్ మళ్లీ వేయమని అడిగాను.

"వేయను" అంది ఆవిడ.

"పరీక్షకు అడ్డం అవదు. వేయాలి."

"వదిన ముందే చెప్పింది, మీరు ఇలాగే వచ్చి అడుగుతారని. నా వ్యాపారం దెబ్బతింటోందని మీకు బాధ. నా బాధ నేను పడతాను అన్నయ్యగారూ. పోయినవాళ్లకిచ్చిన మాట."

"మొహమాటానికి అడగడం లేదు."

"మొహమాటస్తులందరూ అదే అంటారు."

ఇస్త్రీ పెద్దాయన పెట్టెను బల్ల మీద ఎత్తి కుదేశాడు. "ఆయన వేయమంటాడు, ఈవిడ వేయనంటుంది. మధ్యన మేం ట్యాంకర్ల వెంట. నన్నడగండి, నేను వేస్తా."

"స్విచ్ ముట్టుకున్నావంటే చెయ్యి విరుస్తా" అంది ఆవిడ.

చొక్కాలు తీసుకుని తిరిగొచ్చాను. దారంతా కోపంగా ఉంది. ఎవరి మీదో తెలియలేదు. ఇంటికొచ్చాక తెలిసింది. కోపం కాదు. ఆవిడ వేయనన్నప్పుడు ముందు నాకు కలిగింది హాయి.

సెప్టెంబర్ 28

రేపు మళ్లీ వెళ్లాలి. ఆవిడ ఒప్పుకునేదాకా వెళ్లాలి.

సెప్టెంబర్ 29

ఈసారి లోపల కూర్చోలేదు. "ఒక్కసారి గోడ ఇవతలికి రండి, చూపిస్తాను" అన్నాను. కొంగు దోపుకుని వచ్చింది. ఇన్నేళ్లూ గోడ పక్కనే ఉండి ఎప్పుడూ ఇటు రాలేదట. జూనియర్ కుర్చీ వేసింది. ఆవిడ కూర్చోకుండా మడుగు చుట్టూ తిరిగింది. "ఇదేనా ఇంత హడావుడీ? మా ఇంటి ముందు వానొస్తే ఇంతకంటే పెద్దది కడుతుంది" అంది. జూనియర్ మొహం తిప్పుకుని నవ్వింది.

మూడో పరిశీలన బోరులోకి టేపు ఆవిడ చేతే వదిలించాను. కూత వినగానే ఉలిక్కిపడింది.

"అది నీరేనా?"

"నీరే. మీరు బోరు ఆపిన సాయంత్రం నుంచి ఇంత పైకి వచ్చింది." చేతులు చాపి చూపించాను.

"మంచిదే కదా?"

"మీ దగ్గరికి మరక పడ్డ చొక్కా వచ్చిందనుకోండి. కొత్త మందు ఒకటి వేసి చూద్దామని పక్కన పెట్టారు. మీరు చూడనప్పుడు మీ మీద ప్రేమతో ఎవరో దాన్ని మామూలుగా ఉతికేశారు. మీరు మందు వేశారు. మరక లేదు. మందు పనిచేసిందని ఊరంతటికీ చెబుతారా?"

ఆవిడ టేపు కొస తడిని కొంగుతో తుడిచింది, అవసరం లేకపోయినా.

"చెప్పను. అందరి బట్టలూ పాడవుతాయి."

"ఎత్తు మీద కాలనీ వాళ్లకు నేను అదే చెప్పబోయాను."

"అయితే వదిన మీ పనంతా చెడగొట్టిందా?" టేపు నా చేతికిచ్చేసింది. "నేనూ కలిసి చెడగొట్టానా?"

"లేదు. మీరు ఇన్నాళ్లు ఆపారు కాబట్టే ఇప్పుడు వేస్తే ఏది ఎవరి వాటానో తేలుతుంది. అది నిజం, మీ తృప్తి కోసం అనడం లేదు" అన్నాను. కొంత ఆవిడ తృప్తి కోసమే అన్నాను. కొంత నా తృప్తి కోసం. అయినా నిజమే.

"వేస్తే ఈ నీరు దిగిపోతుందా?"

"దిగుతుంది."

"మొత్తమా?"

"మొత్తం దిగొచ్చు."

ఆవిడ నా మొహంలోకి చూసింది. తను మాటిచ్చిన పని కాబట్టి ఆవిడకు కష్టం. నాకెందుకు కష్టమో కూడా ఆవిడకు అర్థమైంది, నేను చెప్పకుండానే.

"మీకు ఫర్వాలేదా అన్నయ్యగారూ?"

"వేయాలి" అన్నాను.

"వదినతో అన్నాను, పరీక్ష గెలిచేదాకా ఆపుతానని. గెలవడమంటే ఇదని నాకేం తెలుసు. ఆవిడకేం తెలుసు." ముక్కు చీది, కొంగు సరిచేసుకుంది. "ఇవాళ్టికి ఉండనివ్వండి. రేపు పొద్దున నా చేత్తో నేనే వేస్తాను. ఆ ముసలాయన్ని మాత్రం ముట్టుకోనివ్వను."

సరేనన్నాను. ఇవాళ్టికి ఉండనివ్వమని ఆవిడ అనకపోతే నేనే అడిగేవాణ్ణి.

బావమరిదికి చెబితే, "నన్నూ తీసుకెళ్లు బావా, ఏమీ మాట్లాడను" అన్నాడు. వాడు మాట్లాడకుండా ఉండలేడు. అయినా రమ్మన్నాను.

రేపు పొద్దున ఆవిడ అవతల స్విచ్ వేస్తుంది. నేను గోడ ఇవతల మూడో పరిశీలన బోరులోకి టేపు వదిలి కూర్చుంటాను. నీరు ఎంత దిగితే అంత రాస్తాను.